ఆట ఎక్కడ ఆగుతుందో చూసుకుని దిగండి

ఫార్మ్‌విల్‌లో స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో పండేది. గుమ్మడికి ఎనిమిది గంటలు, వరికి పన్నెండు. గోధుమ వేస్తే మూడు రోజులు ఆగాలి. మన సాంబమసూరి కోతకు రావాలంటే దాదాపు అయిదు నెలలు పడుతుందని తెలిసినవాళ్లం కూడా ఆ పన్నెండు గంటల వరిని ఎంతో శ్రద్ధగా వేశాం. 2009 జూన్‌లో జింగా అనే కంపెనీ ఫేస్‌బుక్‌లోకి తెచ్చిన ఆట అది. పొలం దున్ని విత్తనం వేయాలి, పండితే కోసుకోవాలి. ఆ డబ్బుతో ఆవునో కోడినో కొనుక్కోవచ్చు. పక్క పొలంవాళ్లు మన స్నేహితులే. అమెరికాలో ఉన్న మేనకోడలు నాకు చెట్లు కానుకగా పంపేది, నేను ఆమెకు పంపేదాన్ని. ఫోన్‌లో మాట్లాడుకోవడానికి వేళ కుదరని మా ఇద్దరికీ అదే పలకరింపు.

అప్పట్లో నేను కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. ఆ ఆటలో నా దృష్టిని పట్టుకున్నవి పంటలు కావు, వాటి వేళలు. పొద్దున ఆరింటికి స్ట్రాబెర్రీ వేస్తే పదింటికి కోయాలి. చాలాసేపు పట్టించుకోకపోతే పంట ఎండిపోతుంది. పదింటికి నాకు క్లాసు. రాత్రి భోజనాల వేళ వరి వేస్తే మాత్రం పొద్దున కాలేజీకి బయల్దేరే ముందు కోసుకోవచ్చు. అందుకని స్ట్రాబెర్రీ జోలికి పోకుండా వరి, గోధుమ మాత్రమే వేసేదాన్ని. నా సహోద్యోగుల్లో కొందరు స్టాఫ్ రూములో కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా కాచుకుని స్ట్రాబెర్రీలు కోసేవాళ్లు. ఆట ఒకటే. కానీ వాళ్ల రోజు ఆట గడియారం ప్రకారం నడిచేది. నా రోజు ప్రకారం నా ఆట నడిచేది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న సంగతి అక్కడే దొరికింది. ఏ యాప్ పెట్టుకున్నా, ఏ ఆట మొదలుపెట్టినా, అది ఎక్కడ ఆగుతుందో ముందు చూడండి. దానంతట అది ఆగే చోటు ఉంటే సరే. లేకపోతే ఆ చోటు మనమే పెట్టుకోవాలి. సోషల్ మీడియా మంచిదా చెడ్డదా, పిల్లలకు ఫోన్ ఇవ్వాలా వద్దా అని ఇళ్లలో జరిగే వాదనలన్నిటికంటే ఈ ఒక్క ప్రశ్న నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆగడంలోనూ రకాలున్నాయి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌నే తీసుకోండి. ఆడేవాళ్లకు అయిదు ప్రాణాలు ఉంటాయి. ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది. పోయిన ప్రాణం మళ్లీ రావడానికి అరగంట పడుతుంది. అయిదూ పోయాక ఆట ఆగుతుంది. చూడటానికి ఇది ఆడేవాళ్ల మేలు కోరి పెట్టిన విరామంలా కనిపిస్తుంది. కానీ ఆ అరగంటసేపూ మనసు అక్కడే ఉంటుంది. కూర తాలింపులో ఉన్నా, బస్సులో ఉన్నా, ఈపాటికి ప్రాణం వచ్చి ఉంటుందన్న లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది. అరగంట ఆగలేనివాళ్లు డబ్బు కట్టి కొనుక్కోవచ్చు, లేదంటే స్నేహితులను అడిగి తెచ్చుకోవచ్చు. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపే ఇలాంటి విరామాన్ని నేను ముగింపుగా లెక్కపెట్టను. అయిపోయాక మన మనసును కూడా వదిలిపెడితేనే అది ముగింపు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల ఆ మాత్రం విరామమూ ఉండదు. పాత రోజుల్లో ఇంటర్నెట్‌లో ఏం చదివినా అడుగున ఒకటి, రెండు, మూడు అని పేజీ అంకెలుండేవి. ఇంకా కావాలంటే తరువాతి పేజీ నొక్కాలి. నొక్కాలా వద్దా అని ఆలోచించడానికి ఒక్క క్షణం దొరికేది. 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనర్, నొక్కే పని లేకుండా కిందికి జరిపేకొద్దీ కొత్తవి వచ్చి చేరే పద్ధతిని తయారుచేశాడు. జనానికి శ్రమ తగ్గించాలన్నదే అతని ఉద్దేశం. తర్వాత దాని ఫలితం చూసి అతనే బాధపడ్డాడు, బహిరంగంగా ఆ మాట చెప్పాడు. పోయింది ఒక్క నొక్కుడే, కానీ చాలనుకునే అవకాశం కూడా దానితోపాటే పోయింది. రీల్స్‌లో వేలు ఒకసారి పైకి జరిపితే ఇంకో వీడియో. మన దేశంలో 2020 జులైలో రీల్స్ మొదలయ్యాయి. వాటిలో చివరి వీడియో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఉంటే కదా.

బాగా నచ్చేవే వరసగా వస్తే మనం త్వరగానే లేచిపోతామని నా గమనింపు. నాలుగు నచ్చనివి వచ్చి, అయిదోది కడుపుబ్బ నవ్విస్తుంది. తర్వాత ఏడు చప్పగా ఉంటాయి. ఎనిమిదోది ఏదో పాత సినిమాలోని అద్భుతమైన సన్నివేశం. బహుమతి ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనల్ని కూర్చోబెడుతుంది. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఇది చాలా కాలం క్రితమే తేలింది. ఇన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందని ఖాయంగా ఉంటే పావురం గింజ తిన్నాక కాసేపు ఆగుతుంది. ఎన్నోసారి పడుతుందో తెలియకపోతే ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. ఈ సంగతి తెలుసుకున్నాక నాకు పిల్లల మీద కోపం తగ్గింది. గంటలకొద్దీ రీల్స్ చూసే కుర్రాణ్ణి బద్ధకస్తుడని తిడతాం. వాడి ఎదురుగా ఉన్న వస్తువును ఎంత తెలివైనవాళ్లు ఎంత ఆలోచించి తయారుచేశారో మనకు పట్టదు. తిట్టి లాభం లేదు. ఆగే చోటు ఎలా పెట్టుకోవాలో నేర్పాలి.

అది నేర్చుకోవడం కష్టమేమీ కాదు. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మనుషులు స్వయంగా పంపే కబుర్లు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. ఎవరో ఫలానావారి ఫొటో మెచ్చుకున్నారని మీ ఫోన్ మోగనక్కరలేదు. రెండోది, యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని ఆపి, పాతది కూడా తుడిచేయండి. హోమ్ పేజీలో సిఫార్సులు రావడం ఆగిపోతుంది. ఏం చూడాలనుకుంటే అది వెతుక్కుని చూస్తారు. నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. ఇన్‌స్టాగ్రామ్‌లో, మనం అనుసరించనివాళ్ల పోస్టులను 30 రోజులపాటు పక్కన పెట్టే సదుపాయం ఉంది. గడువు తీరాక మళ్లీ పెట్టుకోవాలి, ఆ శ్రమ పడటంలో నష్టం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్లలో స్క్రీన్ టైమ్ 2018లోనే వచ్చాయి. ఒక్కో యాప్‌కు రోజుకింత అని గడువు పెట్టవచ్చు. కాకపోతే గడువు దాటాక దాన్ని సడలించుకోవడం కూడా తేలికే కాబట్టి, ఒక్క గడువు మీదే భారం వేయకండి. ఫేస్‌బుక్ యాప్ తీసేసి, బ్రౌజర్‌లో తెరిచి పాస్‌వర్డ్ కొట్టి వెళ్లే అలవాటు చేసుకుంటే సగం ఆకర్షణ తగ్గుతుంది. ఆ పాస్‌వర్డ్ కొట్టే వ్యవధిలో, ఇప్పుడెందుకు వెళ్తున్నానని ఒకసారి మనసుకు తడుతుంది.

ఎందుకు వెళ్తున్నామో తెలిసి వెళ్తే ఈ వేదికలు ఎంత మేలు చేస్తాయో కూడా నేను చూశాను. రిటైరయ్యాక డాబా మీద కూరగాయలు పెంచడం మొదలుపెట్టాను. వంగమొక్కల ఆకుల అడుగున తెల్లగా దూదిలా ఏదో పట్టింది. మిద్దె తోటల గ్రూపులో ఫొటో పెట్టి అడిగితే సాయంత్రానికల్లా ఊరూ పేరూ తెలియని ఎంతోమంది జవాబులిచ్చారు. అది పిండినల్లి అని, ముందు నీళ్లతో గట్టిగా కడగమని, తర్వాత వేపనూనెలో కాస్త సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేయమని చెప్పారు. ఎండలో కొట్టొద్దు, సాయంత్రం పూట కొట్టమని ఒక పెద్దాయన ప్రత్యేకంగా రాశారు. మొక్కలు తేరుకున్నాక ఫొటో పెట్టి అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. ప్రశ్నతో వెళ్లాను, జవాబుతో వచ్చాను. ఇక్కడ ముగింపును నా ప్రశ్నే పెట్టింది. కంపెనీ పెట్టలేదు. అప్పటినుంచి ఏ గ్రూపులోకి వెళ్లినా, ఏం కావాలని వెళ్తున్నానో మనసులో ఒక వాక్యంగా అనుకుని వెళ్తున్నాను. మీరూ ప్రయత్నించండి. వాక్యం కుదరకపోతే ఆ పూటకు వెళ్లకండి.

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరికీ ఒకటి ఉంది. మ్యూట్‌లో పెట్టి, రోజుకోసారి చూడండి. పెళ్లి శుభలేఖలు, ఆస్పత్రి కబుర్లు తప్పిపోవు. నిజమో కాదో తెలియని ఫార్వర్డులు మీ దగ్గరే ఆపేయండి.

మనం ఏదైనా రాసి పెట్టినప్పుడు వచ్చే చిక్కు వేరు. ఫేస్‌బుక్ 2009 ఫిబ్రవరిలో లైక్ బటన్ తెచ్చింది. అంతకుముందు ఒకరి ఫొటో బాగుందని చెప్పాలంటే ఒక మాటైనా రాయాల్సి వచ్చేది. లైక్ వచ్చాక మెప్పు అంకెగా మారింది. అంకెకు ఇక చాలు అనేది ఉండదు. ముప్ఫై వస్తే నలభై కావాలనిపిస్తుంది. అమ్మాయిలు పండగ పూట ముచ్చటగా తయారై ఫొటో పెట్టి, ఆ పండగంతా అంకె చూసుకుంటూ గడపడం నన్ను నిజంగా బాధపెట్టింది. దీనికి నేను పాటించే పద్ధతి ఇది: పోస్టు పెట్టాక ఫోన్ పక్కన పెట్టేస్తాను. మర్నాడు ఒకసారి తెరిచి, మాటలు రాసినవాళ్లకు మాటల్లో జవాబిస్తాను. లైకులు ఎన్నో చూడను. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య కనబడకుండా పెట్టుకునే వీలుంది. ఎదిగే పిల్లలకు ముందు ఈ సెట్టింగ్ చూపించండి.

ముగింపు ఉన్న ఆటలు ఎలా ఉంటాయో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ వర్డ్‌ల్. న్యూయార్క్‌లో ఉండే జాష్ వార్డ్‌ల్ అనే ఇంజనీరు, పదాల ఆటలంటే ఇష్టపడే తన సహచరి కోసం తయారుచేశాడు. 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టాడు. అయిదక్షరాల ఇంగ్లిష్ మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. రోజుకు ఒక్కటే మాట, ప్రపంచమంతటికీ అదే మాట. అయిపోతే మళ్లీ రేపే. మొదట్లో ఇంకోటి ఆడదామన్నా ఉండేది కాదు. ఆడేవాళ్లను గంటలకొద్దీ కూర్చోబెట్టకుండానే ఆ ఆట లక్షలమందికి చేరింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనుక్కుంది. జనాన్ని పట్టి ఉంచకపోతే ఆట నడవదనే వ్యాపారుల వాదన తప్పని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? దినపత్రికలో గళ్లనుడికట్టు నింపి పెన్ను మూసేసిన తరానికి ఈ తృప్తి కొత్తదేమీ కాదు.

ఆన్‌లైన్ చదరంగం మరో మంచి ఆట. లిచెస్ అనే వేదిక 2010 నుంచి ఉంది. లాభాపేక్ష లేనిది, ప్రకటనలుండవు, ఏ సదుపాయానికీ డబ్బు అడగదు. ఆటకు పావుగంటో అరగంటో ముందే ఎంచుకోవచ్చు. గెలుపో ఓటమో డ్రానో, ఆట అయిపోతుంది. అయిపోయాక ఎక్కడ తప్పుటెత్తు వేశామో చూసుకోవచ్చు. కోనేరు హంపి, ద్రోణవల్లి హారికలను చూసి పెరిగిన తెలుగు పిల్లలకు, 2024 డిసెంబరు రేటింగ్ జాబితాలో 2800 దాటిన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి ఎవరో చెప్పనక్కరలేదు. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. మూడు నిమిషాల ఆటల జోలికి వెళితే చదరంగం కూడా రీల్స్ లాగే జారిపోతుంది. ఓడినవాడికి వెంటనే ఇంకోటి ఆడాలనిపిస్తుంది, గెలిచినవాడికీ అంతే. పదిహేను నిమిషాలకు తక్కువ ఆట పెట్టుకోవద్దని నా సలహా.

ఇక పిల్లలు. మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నప్పుడు బీజీఎంఐ ఆడేవాడు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించాక, 2021 జులైలో మన దేశం కోసం అదే ఆట ఆ కొత్త పేరుతో వచ్చింది. వాళ్లింట్లో రోజూ ఒకటే గొడవ. అరగంట అని ఫోన్ ఇచ్చేవాళ్లు. అరగంట కాగానే లాక్కునేవాళ్లు. వాడు అరిచి గోల చేసేవాడు. ఒకరోజు వాడి పక్కన కూర్చుని ఆట చూశాను.

“పెద్దమ్మా, మ్యాచ్‌కి వందమంది దిగుతాం. చివరిదాకా ఉంటే ఒక్కో మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. నా టీములో ఇంకో ముగ్గురుంటారు. అమ్మ మధ్యలో ఫోన్ లాక్కుంటే వాళ్లు నా వల్ల ఓడిపోతారు. రేపు నన్ను పిలవరు” అన్నాడు.

వాడి బాధలో న్యాయం ఉంది. వీధిలో క్రికెట్ ఆడే పిల్లాణ్ణి ఓవరు మధ్యలో ఇంటికి లాక్కురాము కదా, ఓవరు అయ్యాక రమ్మంటాం. అందుకని మా చెల్లెలితో చెప్పాను: నిమిషాలు లెక్కపెట్టకు, మ్యాచ్‌లు లెక్కపెట్టు. మామూలు రోజుల్లో ఒక మ్యాచ్, ఆదివారం రెండు. మ్యాచ్ అయ్యాక ఫోన్ వాడే తెచ్చి ఇవ్వాలి. పరీక్షల రోజుల్లో ఏం చేయాలో కూడా వాడితోనే మాట్లాడి రాసుకున్నారు. గొడవలు పూర్తిగా పోయాయని చెప్పను కానీ, లాక్కోవడం పోయింది. ఆట గురించి తల్లికి ఏమీ తెలియదన్న చులకన వాడిలో పోయింది. తల్లిదండ్రులకు నేను మనసారా చెప్పేదిదే: పిల్లలు ఆడే ఆటను ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడండి. దాని ముగింపు ఎక్కడుందో తెలిశాకే నిబంధన పెట్టండి. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం మాత్రం మర్చిపోకండి. ఆటలో తుపాకులకు రంగులు, బట్టలు కొనిపించే ఆశలు చాలా ఉంటాయి.

డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలకు ఈ పద్ధతులేవీ పనికిరావు. వాటిని ప్రయత్నించి చూడమని కూడా నేను చెప్పను. మా బంధువుల అబ్బాయి ఒకడు ఫోన్‌లో రమ్మీ మొదలుపెట్టాడు. చేరగానే బోనసు ఇచ్చారు. మొదట్లో గెలిచిన కొద్ది మొత్తం నిజంగానే బ్యాంకు ఖాతాలో పడింది. నమ్మకం కుదిరింది. తర్వాత పోయినవాటిని రాబట్టుకోవడానికి ఆడటం, అందుకు లోన్ యాప్‌లలో అప్పు చేయడం, చివరికి తండ్రి పొలం అమ్మి తీర్చడం జరిగాయి. అలాంటి ఆట డబ్బు అయిపోయినప్పుడే ఆగుతుంది. అప్పు దొరికితే అప్పుడూ ఆగదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రచారం చేసినవాళ్లకూ శిక్ష ఉంది. ఆడి నష్టపోయినవాళ్లను మాత్రం ఈ చట్టం నేరస్తులుగా చూడదు. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఇందులో ఇరుక్కుంటే దాచకండి. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌ల లింకులు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతున్నాయి. క్రికెట్ సీజనులో పిల్లలతో ఒక్కసారి ఈ మాట మాట్లాడండి.

ముగింపు మనం పెట్టకపోతే ఏదో ఒకరోజు ఇంకెవరో పెడతారు, అది మనల్ని అడిగి పెట్టరు. ఒకప్పటి సోషల్ మీడియా వేదిక ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అందులో స్నేహితులు రాసిన స్క్రాపులను దాచుకోనివాళ్లకు అవి ఇక లేవు. టిక్‌టాక్‌ను మన దేశంలో 2020 జూన్ 29న నిషేధించారు. పల్లెల్లో వంటలు, పాటలు, హాస్యం చేసి వేలమంది అభిమానులను సంపాదించుకున్న మామూలు మనుషులు తెల్లారేసరికి ఆ ఆదరణంతా పోగొట్టుకున్నారు. నేను వరి పండించిన ఫార్మ్‌విల్ కూడా 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. అది నడవడానికి ఆధారమైన ఫ్లాష్ ప్లేయర్‌కు ఆ రోజుతో కాలం తీరింది. మేనకోడలు పంపిన చెట్ల చిత్రాలు కొన్ని నా దగ్గర మిగిలాయంటే, ముందే తెర ఫొటోలు తీసి పెట్టుకున్నందువల్లే. మీరు రాసినవి, పెట్టిన ఫొటోలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచి మొత్తంగా దించుకునే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంది. ఏడాదికోసారి దించి హార్డ్ డిస్కులో పెట్టుకోండి.

కొందరికి మాత్రం సొంతంగా గీత గీసుకోవడం సాధ్యం కాదు. అది స్వభావ లోపం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆట మీద అదుపు పోవడం, తిండీ నిద్రా చదువూ అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇవి కొనసాగితే వైద్యులు ఆ నిర్ణయానికి వస్తారు. లక్షణాలు తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగరు. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడిన పిల్లవాడికి ఆ పేరు పెట్టకండి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో ఇలాంటివారి కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్లలేనివాళ్లు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆన్‌లైన్‌లో డబ్బు మోసపోతే 1930కి చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఈ పుస్తకం పక్కన పెట్టే ముందు ఈ రెండు నంబర్లూ మీ ఫోన్‌లోనూ, ఇంట్లో పిల్లల ఫోన్లలోనూ సేవ్ చేయండి.